దోమతెర చీర ఉన్న సినిమా

ఏమన్నవ్ పద్మక్కా, ఆదివారం సినిమాకు పోదమా? నీ కాల్మొక్త, నా ముందట సినిమా పేరెత్తకు! మొన్న తొర్రూరుల ఒక్క మ్యాట్నీ చూసొచ్చిన. గా ఒక్క ఆటకు మా సుజాతక్క ఇంట్ల మళ్ళ రెండు పొయ్యిలు అయ్యేటియి. నా ఇజ్జత్ అయితే టికెట్ కొనుక్కొని మరీ పోగొట్టుకున్న.

కూసోండ్రి, అందరికి ఛాయ్ చెప్పిన. నీ జాకెట్ రేపిస్త లే. మిషన్ తొక్కుకుంట చెప్పే ముచ్చట కాదిది.

పోయిన ఎండకాలం మన జనగామకు సినిమావోళ్ళు దిగింది యాదికున్నది గద? నా షాపు ఎనక గల్లీల పెంకుటిల్లు కిరాయికి తీసుకున్నరు. పాత నవలను సినిమా తీస్తున్నరట. తల్లి లేని ముగ్గురు అక్కచెల్లెండ్లు. ఒక్క దుప్పట్ల పండుకుంట, ఒక్క దువ్వెన కాడ కొట్లాడుకుంట పెరుగుతరు. పెండ్లిళ్ళయ్యి తలో దిక్కు పోతరు. గంతే కథ. నవల్ల ఊరేమో కృష్ణ ఒడ్డున ఉంటది. గీ డైరెక్టర్ పిలగాడు దాన్ని మన దిక్కుకు మార్చిండు.

ఆ నవల పేరు వినంగనే నా పానం లేచొచ్చింది. మా చిన్నచెల్లె లావణ్య ఇంటర్ల ఉన్నప్పుడు లైబ్రరీ నుంచి తెచ్చి, నేను, అక్క పల్లికాయ ఒలుచుకుంట కూసుంటే పెద్దగ సదివి వినిపిచ్చేది. మేం గూడ ముగ్గురమే గద, అక్క కండ్లనీళ్ళు పెట్టుకునేది. నేనైతే సగం విని గోడకు ఒరిగి నిద్రపోయేదాన్ని. గది వేరే ముచ్చట. డైరెక్టర్ తోని మాత్రం "గా నవల నాకు నోటికొస్తది తమ్మీ" అన్న.

ముగ్గురు హీరోయిన్లకు జాకెట్లు కుట్టాలని నా షాపుకు తోలుకొచ్చిండ్రు. నేను టేపు పట్టి కొలతలు తీస్తుంటే, పెద్దక్క ఏషం కట్టే పిల్ల డైలాగు ప్రాక్టీస్ చేస్తంది. ఏమని? "ఏందిర భయ్! బువ్వ తినవార భయ్!" అని. ఎవలతోని అనే మాటనే అది అని అడిగితే, సినిమాల వాళ్ళ నాయినతోనట! నాయినను పట్టుకొని భయ్ అంటరానే ఎవలన్న? నా నోట్ల గుండుసూదులు ఉండబట్టి ఊకున్న. తర్వాత సూదులు తీసిన. అరిచిన.

"ఓ తమ్మీ, మేం పొద్దుగూకులు లొల్లి పెట్టుకుంట మాట్లాడమయ్యా! మెల్లగ గూడ మాట్లాడుతం. ప్రేమగ గూడ మాట్లాడుతం. 'నాయినా, బువ్వ సల్లారుతంది, రా' అంటం. గంతే."

డైరెక్టర్ కండ్లు పెద్దగ చేసిండు. "అక్కా, భలే న్యాచురల్‌గా ఉందండి! మాటల విషయంలో మాకు కొంచెం హెల్ప్ చేస్తారా? టైటిల్స్‌లో మీ పేరు వేస్తాం" అన్నడు.

టైటిల్స్‌ల పేరు! ఇగ నేను ఆగుతనా? కత్తెర పక్కకు పెట్టి కుర్సీ దగ్గరికి జరుపుకున్న.

"పెళ్ళైన అక్క పుట్టింటికి వచ్చి, అత్తగారింటి గురించి చెల్లెళ్ళకి చెప్పుకునే సీన్ ఉందక్కా. నవల్లో అయితే ఏమీ మాట్లాడదు, కళ్ళు తుడుచుకుంటుంది. మీ దగ్గర ఎలా ఉంటుందండి?"

"మాకాడ తుడుసుకొని ఊకుంటరా? రాసుకో" అన్న.

గిప్పుడు మీకు మా అక్క ఇంటి ముచ్చట జర చెప్పాలె. మా సుజాతక్కను నెల్లికుదురు ఇచ్చినం. అత్తమ్మ పేరు కొమురమ్మ. మనిషి మంచిదే, నోరే గరం. చక్కెర డబ్బా బీరువల పెట్టి తాళమేసి, తాళంచెవి బొడ్ల చెక్కుకుంటది. ఛాయ్ పెట్టినప్పుడల్ల మా అక్క పోయి "అత్తమ్మా, చక్కెర" అని అడగాలె. గా దానికి గూడ సర్దుకుపోయిందనుకో, మా అక్క.

లొల్లి మొదలైంది ఒడిబియ్యం కాడ. ఒక ఏడు మా అవ్వ అక్కను పుట్టింటికి పిలిచి ఒడిబియ్యం పోసింది. పసుపు బియ్యం, కుడుకలు, పోకలు అన్ని మంచిగనే పోసినం. మర్యాదకు అత్తమ్మకు గూడ చీర పెట్టాలె గద. గా చీర నేనే తెచ్చిన, జనగామల పెద్ద దుకాణంల, లేత ఆకుపచ్చ మీద వెండి జరీ పువ్వులు. జర పల్చగుంటది, ఒప్పుకుంట. ఎండకాలం గద, సల్లగుంటదని తెచ్చిన.

అక్క అత్తగారింటికి పోయి ఆ బియ్యం వండి, చుట్టాలందరిని బువ్వకు పిలిచిండ్రు. నిండు పంక్తిల అత్తమ్మ ఆ చీర ఎత్తి ఎలుగుకు పట్టి, "ఇది చీరనా, దోమతెరనా? మంచానికి కట్టుకుంటరా, మనిషి కట్టుకుంటరా?" అన్నది. చుట్టాలు ముసిముసి నవ్వులు. అక్క చీర తీసుకొని తెల్లారే నా షాపుకొచ్చింది. గిదే కుర్సీల కూసొని గంట సేపు ఏడ్సుకుంట అత్తమ్మను అననిది లేదు. చీర నా మొఖాన కొట్టి, "నాకు కనబడనియ్యకు" అని పోయింది.

ఆ తర్వాత ఒక్క ఇంట్ల రెండు పొయ్యిలు. అత్తమ్మ వసారల వేరేగ వండుకునుడు, అక్క వంటింట్ల వండుకునుడు. పాపం మా బావ, ఇద్దరిల ఎవలకు కోపమొస్తదో అని రెండు దిక్కులా తిని తిని పొట్ట పెంచిండు.

గీ ముచ్చట మొత్తం నేను డైరెక్టర్‌కు చెప్పిన. ఉప్పు కారం ఏసి చెప్పిన. చక్కెర డబ్బా చెప్పిన, దోమతెర చెప్పిన, రెండు పొయ్యిలు చెప్పిన. ఆ పిలగాడు ఫోన్ల రికార్డు చేసుకుంట "సూపర్ అక్కా! సూపర్!" అంటుంటే, ఎవలికన్న నోరాగుతదా చెప్పుండ్రి! మా ఇంటాయన ముప్పొద్దుల తిని ఒక్కసారి గూడ సూపర్ అన్లే.

గక్కడితోని ఆగినా బాగుండు. ఒడిబియ్యం సీనుకు అత్తకు పెట్టే చీర కావాలన్నరు. "కొంచెం అలాంటి చీరే ఎక్కడైనా దొరుకుతుందా అక్కా?" అన్నడు. అసొంటిది ఎందుకు తమ్మీ, గదే ఉన్నది అని బీరువల నుంచి తీసి ఇచ్చిన! ఇస్త్రీ చేసి మరీ ఇచ్చిన!

షూటింగ్ అయిపోయింది, వాళ్ళు పోయిండ్రు. నేను అందరికి చాటింపు ఏసుకుంట తిరిగిన, నా పేరు తెర మీద పడ్తదని. గప్పుడు అక్క ఫోన్ చేసింది.

"సరితా, అత్తమ్మకు కంటి ఆపరేషన్ అయ్యింది. దవాఖానల నేనే ఉన్న. ఇంటికొచ్చినంక గూడ నేనే వండి పెడ్తున్న. నిన్న అత్తమ్మ తనంతల తానే వసారల పొయ్యి తీసి పక్కకు పెట్టిచ్చింది. మళ్ళ ఒక్క పొయ్యి అయినమే! నేను కోపంల నీకేమేమి చెప్పిన్నో అన్ని మర్శిపో. ఎక్కడ అనకు."

ఎంత సంబురంగ చెప్పిందో తెల్సా. నేను ఏమంట? "అయ్యో, నేనెందుకంట అక్కా" అన్న.

సినిమా రిలీజైంది. మేం ముగ్గురక్కచెల్లెండ్లం తొర్రూరుల కల్సి చూద్దమని ఎప్పుడో మాటనుకున్నం. అక్క ఒక్కతే వస్తే కాళ్ళు పట్టుకోవచ్చు, నా అక్కనే గద అనుకున్న. ముందురోజు మళ్ళ ఫోన్. "సరితా, అత్తమ్మ గూడ వస్తదట! ఆపరేషనైన కండ్లతోని మొదలు నీ పేరు చూస్తదట."

నా పై పానాలు పైకే పోయినయి.

"ఎందుకక్కా ముసలామెను తిప్పుడు? సినిమా గూడ బాగలేదట. థియేటర్ల ఉక్కపోతనట. దుమ్ము కండ్లల్ల పడ్తదేమో" అన్న. ఫోను స్పీకర్ల ఉన్నదని నాకేమెరుక? అత్తమ్మ గొంతు వచ్చింది. "నా కండ్లకేం గాదు బిడ్డా, నల్లద్దాలు పెట్టుకొస్త."

రాత్రి మంచిగ ఆలోచన చేసి ప్లాన్ ఏసుకున్న. ఒడిబియ్యం సీను షూటింగ్ అన్నిటికన్న ఆఖర్ల తీసిండ్రు. అంటే సినిమాల గూడ ఆఖర్లనే వస్తది. ఆఖరుకు వచ్చేటాల్లకు "ఆటోలు దొరకయ్ అత్తమ్మా, లెవ్వుండ్రి" అని బయటికి తోలుకపోవాలె. ఎంత తెలివి చూడండ్రి నాది! జాకెట్‌కు చేతులు ముందు కత్తిరిచ్చినా ఆఖరుకే కుడ్తమని రోజు చేసే పనిల తెలుసు. సినిమాకు గూడ గంతే అని బుర్రకెక్కలే.

తొర్రూరు పోయేవరకు ముగ్గురు నా కోసం నిలబడి ఉన్నరు. లావణ్య ఘనపూర్ నుంచి పొద్దున్నే బయలెల్లి వచ్చింది. అత్తమ్మ నల్లద్దాలు పెట్టుకొని, స్టీల్ డబ్బల ఉడికిచ్చిన శనగ గుడాలు పట్టుకొని జోర్దార్ ఉన్నది. గేటు కాడ పిలగాడు "అమ్మా, బయటి తిండి లోపలికి తీస్కపోవద్దు" అన్నడు.

"బయటియి కావు బిడ్డా, ఇంట్లయే" అని వాని చేతిల ఇన్ని గుడాలు పోసి లోపలికి నడిచింది.

లోపల అక్క పక్కన అత్తమ్మ, అత్తమ్మ పక్కన నేను, నా పక్కన లావణ్య. నేను అటు చివరకు కూసుంటనంటే అత్తమ్మ చెయ్యి పట్టి గుంజింది. "నువ్వు నా పక్కనే కూసో. సినిమా నీదాయె, నాకు ఇవరం చెప్పాలె."

లైట్లు బంద్ అయినయి. టైటిల్స్ పడుతున్నయి. నా పేరు కోసం కండ్లు ఇంతింత చేసుకొని చూస్తున్న. పేరు రాలే. చీరొచ్చింది.

మొదటి సీనే! గా లేత ఆకుపచ్చ, గా వెండి పువ్వులు, థియేటరంత ఎడల్పు! సినిమాల అత్త దాన్ని ఎలుగుకు పట్టి, "ఇది చీరనా, దోమతెరనా?" అన్నది. జనం గొల్లున నవ్విండ్రు. నేను కుర్సీల సగం కిందికి జారిన. అక్క మెల్లగ ముందుకొంగి, అత్తమ్మ మీదికెళ్ళి నా మొఖం చూసింది. ఆ చీకట్ల గూడ ఆ చూపు కనబడ్డది నాకు.

అత్తమ్మ నా తొడ మీద ఒక్క చరుపు చరిచింది. అయిపాయెరా దేవుడా అనుకున్న.

"ఏందే సరితా, గంత మంచి చీరకు పేరు పెడ్తదా గా ముసల్ది? ఎట్ల మెరుస్తంది చూడు! బలిసి మాట్లాడుతంది."

"అవునత్తమ్మా" అన్న.

"అసొంటిది ఏడ దొరుకుతదో అర్సుకో బిడ్డా. నాకొకటి పట్టుకరా."

లావణ్య చున్నీ మొత్తం నోట్ల కుక్కుకున్నది. అక్క తెర దిక్కే చూస్తంది, కానీ భుజాలు ఊగుతున్నయి. ఏడుస్తందో నవ్వుతందో దేవునికెరుక.

తర్వాత చక్కెర డబ్బా సీను. హీరోయిన్ పుట్టింట్ల కూసొని, మా అక్క చెప్పిన మాట చెప్పినట్టే, తాళంచెవి బొడ్ల చెక్కుకునే యాక్షన్ తోని సహా చేసి చూపెట్టింది. అత్తమ్మ ఎంత నవ్వుడంటే, నవ్వుతుంటే ఆమె బొడ్ల తాళంచెవులు గల్లుగల్లుమంటున్నయి! "అచ్చం మా అత్తనే! మా అత్త గూడ గిట్లనే బెల్లం అటక మీద దాసేది. ఎంత గోస పెట్టిందో నన్ను" అని అద్దాలు తీసి కండ్లు ఒత్తుకున్నది. మనిషి తన మొఖం తప్ప అందరి మొఖాలు చూస్తదే పద్మక్కా. నేను లోపల లోపల నవ్వుకున్న, ఈమెకు జన్మల తెల్వది అని.

లావణ్య నా చెవిల గుసగుస పెట్టింది. "అక్కా, నవల్ల గీ అత్త బతికే ఉండది. గోడ మీద ఫోటో అంతే. ఫోటోకు గిన్ని డైలాగులు ఎక్కడికెళ్ళి వచ్చినయే?"

"నాకేమెరుక, డైరెక్టర్‌నడుగు" అన్న.

ఆ తర్వాత ముగ్గురు చిన్నప్పుడు ఒక్క దుప్పట్ల పండుకునే సీను వచ్చింది. నడిమిది దుప్పటంత గుంజుకుంటది, అటిటు ఇద్దరు చలికి ముడుసుకుంటరు. గది గూడ నేను చెప్పిందే. నడిమిదాన్ని నేనే. ఆ పిల్లలను చూస్తుంటే మా ఇల్లు, అవ్వ కట్టెల పొయ్యి, అక్క పెండ్లయి పోయిన రాత్రి దుప్పటి మిగిలిపోయి నేను, లావణ్య ఏడ్సుకున్నది, అన్ని యాదికొచ్చినయి. ముగ్గురం ఏడ్సినం. అక్క అత్తమ్మ ఒళ్ళెకెళ్ళి చెయ్యి సాపి నా చెయ్యి పట్టుకున్నది. హమ్మయ్య, అక్క మాఫ్ చేసింది అనుకున్న.

ఇంటర్వెల్ల అత్తమ్మ అందరికి ఐస్‌క్రీంలు కొనిచ్చింది. "సినిమా అంటే గిట్లుండాలె. మన ఇంట్ల మాట్లాడుకున్నట్లే ఉన్నది" అన్నది. అక్క ఐస్‌క్రీం గొంతుల పడి దగ్గింది. నేను మాత్రం ధైర్యంగ రెండోది గూడ తిన్న. గండం గడిసిందనుకున్న మరి.

సెకండాఫ్ మొదలైంది. తెర మీదికి ఒక కొత్తామె వచ్చింది. మెడల టేపు, నోట్ల గుండుసూదులు, చెవి ఎనక సుద్దముక్క. సూదులు నోట్ల పెట్టుకొనే గలగల మాట్లాడుతది. జాకెట్ కొలతలు తీసుకుంట ఒకామె తోని "ఎవ్వలికి అనకు గని" అని ఇంకొకామె ముచ్చట చెప్తది. ఆమె పోంగనే వచ్చినామెకు గీమె ముచ్చట చెప్తది. ముగ్గురు అక్కచెల్లెండ్ల నడుమ ఒకల మాట ఒకలకు చేరేసి అగ్గి పెట్టేది గదే. థియేటరంత ఈలలు! నేనైతే కడుపు పట్టుకొని నవ్విన. "లావణ్యా, మా బజార్ల గూడ గిసొంటిదొకతి ఉన్నదే! అచ్చం గిట్లనే!" అన్న. కండ్లల్ల నీళ్ళొచ్చేదాక నవ్విన.

నవ్వి నవ్వి పక్కకు చూద్దునా, లావణ్య నవ్వుతలేదు. అక్క నవ్వుతలేదు. ఇద్దరు నా దిక్కే చూస్తుండ్రు.

"అక్కా," అన్నది లావణ్య మెల్లగ, "నవల్ల అసలు టైలరే లేదు."

ఇంక నాకు ఎక్కలే, నమ్ముతరా? "మరి ఏడికెళ్ళి తెచ్చిండే వీడు?" అన్న.

గప్పుడు అత్తమ్మ చప్పట్లు కొట్టింది. ఆపరేషనైన కండ్లాయె, మస్తు కనబడుతున్నయి. థియేటరంత వినబడేటట్లు "ఓ బిడ్డా సరితా! గిది నువ్వే!" అని అరిచింది. ముందు వరుసోళ్ళు ఎనకకు తిరిగి చూసిండ్రు. ఎవలో "అగో, నిజంగనే ఆమెనే" అన్నరు. నవ్వులే నవ్వులు. అత్తమ్మ నా తొడ మీద చెయ్యేసి అందరికన్న ఎక్కువ నవ్వింది.

తెర మీద ఆ టైలరామె ఎవలకో చెప్తంది, "పెద్దదాని అత్త ఉన్నది సూడు, చక్కెరకు గూడ తాళమేస్తది" అని.

అత్తమ్మ నవ్వు ఆగిపోయింది. తెర దిక్కు చూసింది. నా దిక్కు చూసింది. ఆఖరుకు అక్క దిక్కు చూసింది. మెల్లగ నా తొడ మీదికెళ్ళి చెయ్యి తీసేసుకున్నది. టైలర్ నేనైతే, ఆ టైలర్ చెప్పే అత్త ఎవలు? గా లెక్క ఆమెకు తెలిసిపోయింది. నల్లద్దాలు మళ్ళ పెట్టుకున్నది.

బయటికొచ్చినం. లావణ్య వరంగల్ బస్సు దొరికిచ్చుకొని "ఘనపూర్ చేరేటాల్లకు పొద్దుపోతది" అని ఉరికింది. తెలివిగల్లది. నేను ఆ పూట అక్కోళ్ళింట్ల ఉంటనని బట్టల సంచి గూడ తెచ్చుకుంటిని, తప్పించుకునే తొవ్వ లేదు. ముగ్గురం నెల్లికుదురు ఆటో ఎక్కినం. అత్తమ్మ నడుమ, అటిటు మేం. ఇంటికి పోంగనే వసారల పొయ్యి మళ్ళ పెడ్తదని అక్క భయం. నా మూలంగనే గద అని నాకు ఒళ్ళంత కాలింది, నా మీద నాకే.

"సుజాతా," అన్నది అత్తమ్మ. "గా చీర నాదే గద?"

నేనే నడుమ దూరిన. "అసొంటియి మస్తుంటయ్ అత్తమ్మా, దుకాణంల కుప్పలు కుప్పలు..."

"నువ్వు ఊకో."

ఊకున్న.

"నేను గంత చెడ్డగ మాట్లాడిన్నా సుజాతా?"

ఆ గొంతు వినలేదు నేను ఎన్నడు. చిన్నపిల్ల అడిగినట్లు అడిగింది. అక్క అన్నది, "సినిమా గద అత్తమ్మా, జర ఎక్కువ చేసి చూపెడ్తరు."

"ఎక్కువేం చెయ్యలే. గవే మాటలు. గట్లనే అన్న నేను. జనం నవ్వుతుంటే గప్పుడు నీకెట్లయిందో నాకు గిప్పుడు ఎరుకైంది."

నాకు దుఃఖం ఆగలే. అక్కకు గూడ ఆగలే. అత్తమ్మ చెయ్యి పట్టుకొని, "నేనేం తక్కువ తిన్న అత్తమ్మా? సినిమాల చూపెట్టింది కొంచెమే. దీని షాపుల కూసొని నేను మిమ్మల్ని ఇంక శానా అన్న" అన్నది.

అత్తమ్మ అద్దాలు పైకి లేపింది. "ఇంకానా?"

"ఇంకా శానా."

ఇద్దరు ఒకల మొఖం ఒకలు చూసుకున్నరు. ముందు అత్తమ్మ నవ్వింది, ఎనుక అక్క. అమ్మయ్య, పొయ్యి నిలబడ్డది అని నేను గూడ నవ్వబోయిన. గప్పుడే ఇద్దరు కల్సి నా దిక్కు తిరిగిండ్రు.

"మీరన్నది మన ఇంట్ల. నేనన్నది నా చెల్లె దగ్గర," అన్నది అక్క. "థియేటర్ దాక ఎవలు మోసుకపోయిండ్రత్తమ్మా?"

అత్తమ్మ నన్ను కిందికెళ్ళి మీదికి ఒక్కసారి చూసి, అద్దాలు సర్దుకున్నది.

"సినిమా మంచిగనే తీసిండ్రు సుజాతా. గా టైలర్‌దాన్నే జర తక్కువ చూపెట్టిండ్రు."

గా పూట వాళ్ళింట్ల ఒక్క పొయ్యి మీదనే వంటయింది. అత్తాకోడండ్లు పక్కపక్కన పీటలేసుకొని వండుతుండ్రు, ముచ్చట్లు పెట్టుకుంటుండ్రు. అట్ల కలిసి ఉండంగ నేను ఎన్నడు చూడలే, పానం సల్లగైంది. ఒక్కటే బాధ. నేను వంటింట్లకు కాలు పెడ్తే ఇద్దరు గప్‌చుప్ అయితున్నరు. నీళ్ళకోసం పోయినా గప్‌చుప్, ఉప్పు కోసం పోయినా గప్‌చుప్. పొద్దున బస్సెక్కేటప్పుడు అక్క జాకెట్ గుడ్డ అడిగిన, కుట్టి పంపుత అని. "ఈడనే మంచిగ కుట్టేటామె ఉన్నది లే. ఎక్కువ మాట్లాడది" అన్నది.

కోపమొచ్చి డైరెక్టర్‌కు ఫోన్ కొట్టిన. "ఏం తమ్మీ, నేనేం అన్యాయం చేసిన నీకు? నవల్ల లేని టైలర్‌ను ఎందుకు పెట్టినవ్?"

"అక్కా, మీరు అందరి గురించీ చెప్పారు కదండి, మీ గురించి మాత్రం ఏం చెప్పలేదు. అందుకని అది మేమే చూసి రాసుకున్నాం. ఆడియెన్స్‌కి అన్నిటికంటే మీ క్యారెక్టరే నచ్చిందండి!" అని మెచ్చుకుంటండు! ఇగ తిట్టాల్నా, సంబురపడాల్నా? రెండు చేసిన.

నాకు బుద్ధొచ్చింది పద్మక్కా. నిజంగనే వచ్చింది. ఇగ ఎవలింటి ముచ్చట ఎవలకు చెప్ప. మీరు గాబట్టి, అందుల మన అనుకునేటోళ్ళు గాబట్టి, మా అక్క ఇంటి ముచ్చట మొదటికెళ్ళి ఆఖరుదాక చెప్పిన గని, లేకుంటే చెప్తనా?

అగో, అప్పుడే లేస్తున్నవేంది? ఛాయ్ గూడ సగమే తాగితివి. ఇగో, ఆ సినిమా వచ్చిన కాడికెళ్ళి అందరు గిట్లనే చేస్తున్నరు. కొలతలిస్తున్నరు, పోతున్నరు. ముచ్చట లేదు, మాట లేదు. మిషన్ సప్పుడు వినుకుంట నాకు చెవులు పోతున్నయి. జర కూసో పద్మక్కా. అవుగని, ఇయ్యాల మీ ఇంట్ల ఏం కూరనే?

ఏందీ, "ఏం లేదు" అంటవా? కూర గూడ చెప్పవా!